ఎవరు ముందు లేవాలి?

పెళ్లయిన కొత్తలో, తొంభైల చివర్లో, వేసవి సెలవులకు పామర్రు నుంచి విజయవాడ వెళ్లాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో బఫే భోజనం. పొడవాటి బల్లకు ఇటు మేము, అటు ఎవరో తెలియని కుటుంబం. అందరి భోజనాలూ అయ్యాయి కానీ ఎవరూ లేవడం లేదు.

"పెద్దాయన లేవకుండా మనం లేవకూడదమ్మాయ్" అన్నారు మావయ్యగారు, ఎదుటి ముసలాయన్ని కళ్లతో చూపిస్తూ.

చేతులు ఎండిపోయాయి. ప్లేట్లు పట్టుకున్న జనం మా కుర్చీల వెనకే నిలబడ్డారు. కొత్త కోడల్ని, లేవలేను, నోరెత్తలేను. చివరికి ఉండబట్టలేక ఎదుటాయన్నే అడిగాను.

"బాబాయిగారూ, మీ భోజనం కాలేదాండీ?"

"ఎప్పుడో అయిందమ్మా. మీ మావగారు నాకంటే పెద్దోరు కదా, ఆయన లేస్తారని చూస్తన్నాం."

మావయ్యగారు చివ్వున లేచారు.

ఇప్పటికీ పొడవాటి బల్ల చూస్తే నా చెయ్యి ఎండిపోయినట్టే ఉంటుంది. మావయ్యగారు మాత్రం ఆ మర్నాడే తలకు రంగు వేయించుకున్నారు.