ఏదో ఒక చోట చుక్క

లోకమంతా కంప్యూటర్ల వెంటపడి పరుగెడుతున్న రెండువేల సంవత్సరంలో ఈశ్వరరావుకు దొరికిన పని, బిషప్పుల ఇళ్ళు వెతకడం. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో బిషప్పులు ఊరూరా భవనాలు కట్టుకున్నారు. అవి కూలాయి, రాళ్ళు జనం పట్టుకుపోయారు. ఎక్కడుండేవో ఇప్పుడెవరూ గట్టిగా చెప్పలేరు. ఒక పండితుడు చర్చి వెనకంటాడు, ఇంకొకడు వాగు పక్కనంటాడు. ఆ దేశం మొహం ఎన్నడూ చూడని ఈశ్వరరావు ఈ దీవి నగరంలో, తంజోంగ్ పగార్ పేట ఆఫీసులో కూర్చుని, వాళ్ళ తగువులన్నీ చదివి, కంప్యూటర్ మ్యాపు మీద చుక్కలు పెట్టాలి. కాలం తెచ్చే ఉద్యోగాలు ఇలాగే ఉంటాయి.

తెలియని చోట "తెలియదు" అని రాసి వదిలేసేవాడు. ఆ ఒక్క విషయంలో మహా మొండి. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు హరికృష్ణకు అదో తలనొప్పి.

"అంకుల్, లొకేషన్ ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ తీసుకోదు. ఏదో ఒక చోట డాట్ పెట్టేయండి. ఎవరెళ్ళి చూస్తారు?"

ఆ రోజు వాదించే ఓపిక లేక పెట్టేశాడు. సాయంత్రంలోగా బిషప్పులందరికీ ఇళ్ళు దొరికాయి. ఈశ్వరరావుకు సిగ్గేసింది.

ఇంటికొస్తే తల్లి అంకమ్మ గుమ్మంలో సిద్ధంగా ఉంది. మతిమరుపు ముదిరినప్పటి నుంచి ఆమెకు ఈ ఫ్లాటు తన ఇల్లు కాదు. రోజూ ఒకటే పాట: "మనింటికి ఎలిపోదారి." ఆ ఇల్లంటే ఈ ఫ్లాటున్న సెంబవాంగు పేటలోనే, ఒకప్పుడు నేవల్ బేస్ కూలీలకిచ్చిన క్వార్టరు. ఈశ్వరరావు పుట్టిందక్కడే. పడగొట్టి చాలా ఏళ్ళయింది, రోడ్లే మారిపోయాయి. రోజూ ఆమెను ఇక్కడేమో, అక్కడేమో అని తిప్పి, చివరికి "తెలీదమ్మా" అని నిజం చెప్పి, ఏడుస్తుంటే వెనక్కి తెచ్చేవాడు. తల్లికి అబద్ధం చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

ఆ సాయంత్రం కాళ్ళు లాగేస్తున్నాయి. ఫ్లాట్ల బ్లాకుల మధ్య కాస్త గడ్డి కనిపిస్తే ఆగిపోయాడు.

"ఇదేనమ్మా మనిల్లు," అన్నాడు.

అంకమ్మ కాసేపు చూసింది. మొహం తేటపడింది. గడ్డి అంచున చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి నవ్వింది. ఎన్నాళ్ళకో ఆమె నవ్వు చూసి అతని ప్రాణం కుదుటపడింది. తనూ వంగి బూటు లేసు విప్పబోయాడు.

"ఎవులి బిడ్డవో బాబూ, సల్లగుండు. నన్నిల్లు సేర్చావు," అంది అంకమ్మ. "నా కొడుకొచ్చీ ఏలైంది. నువ్వింక ఎలిపో."

ఈశ్వరరావు లేసు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.