అత్తమ్మ చేతులకు అవిసె జెల్

మా అత్తమ్మ మనుమరాలిని ఒట్టి చేతులతో ముట్టుకునేది కాదు. పాప పుట్టిన కొత్తలో ఒకసారి బుగ్గ నిమిరితే ఎర్రగా గీత పడింది. సాయంత్రానికల్లా గీత మాయమైంది కానీ ఆమె మనసులోంచి మాత్రం పోలేదు. అప్పటి నుంచి పాపను ఎత్తుకోవాలంటే ముందు పాత చీర ముక్క పరిచి, అందులో చుట్టి, మూటలా ఎత్తుకునేది. ముద్దు చేయాలనిపిస్తే మోచేతితో తాకేది. స్నానం నా చేత చేయించి తాను ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. "మెడ కింద కడుగు. చంకల కడుగు. గట్ల భయపడితే ఎట్ల?" అని నాకు చెప్పేది. గల్లీలో పుట్టిన పిల్లలందరికీ కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసిన మనిషి, సొంత మనుమరాలి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చూస్తుంటే నాకు బాధేసేది. కోపం కూడా వచ్చేది. నాకు ఏది వచ్చినా ముందు కోపంగానే వస్తుంది.

"ఏం కాదు అత్తమ్మా, ముట్టుకో" అంటే, "వద్దు బిడ్డా, నా చేతులు గీసుకపోతయి. పసిగుడ్డు" అని చేతులు కొంగులో దాచుకునేది.

ఆ చేతులు అలా అయింది మగ్గం వల్ల. వరంగల్‌లో మేముండే గల్లీలో మగ్గాలు చాలావరకు అటకెక్కాయి. మా ముందు గదిలో మాత్రం అత్తమ్మ మగ్గం ఇంకా ఆడుతోంది. తువ్వాళ్లు, దుప్పట్లు నేస్తుంది. రోజంతా నూలుతో పని, చేతుల్లోని తడి అంతా నూలే తాగేస్తుంది. వేళ్ల కొసలు పగిలి, ఆ పగుళ్లలో పోగులు చిక్కుకుని తెగేవి. తెగిన పోగును అతకబోతే అదీ చిక్కుకునేది. అప్పుడు ఆమె మగ్గాన్ని తిట్టదు, నూలును తిట్టదు, తన వేళ్లనే తిట్టుకుంటుంది.

కొబ్బరినూనె రాసుకోమంటే వినదు. తెల్ల నూలుకు జిడ్డు అంటితే దుమ్ము పట్టి మరకవుతుంది, ఆ తువ్వాలు ఎవరూ తీసుకోరు. మా ఆయన మందుల షాపు నుంచి తెల్లటి క్రీము తెచ్చి, "పడుకునే ముందు రాసుకో అమ్మా" అన్నాడు. ఆమె ట్యూబు మూత తీసి వాసన చూసి, "గివి పడుసు పిల్లలకు. నాకెందుకురా" అని కిటికీలో పెట్టింది. అది అక్కడే ఎండిపోయింది. అడిగితే తాను ముసలిదాన్నయ్యానంటుంది, పొద్దున్నే కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోకి మాత్రం నాకంటే చురుగ్గా దిగుతుంది.

నాకప్పుడు సుబేదారిలోని ఆఫీసు నుంచి కాన్పు సెలవు. పాప పడుకున్నాక ఫోన్ చూడటమే పని. అందులో ఎవరో ఒకామె అవిసె గింజలతో జెల్ చేసి చూపించింది. చుక్క నూనె లేదు, రాసుకుంటే ఇంకిపోతుందట. ఇంకేం కావాలి? మా ఆయన చేత గింజలు, గ్లిజరిన్ తెప్పించాను. గింజలెందుకని అడిగితే, "తినడానికి" అన్నాను.

మొదటిసారి చేసింది నాశనమైంది. గుప్పెడు గింజలు నీళ్లలో వేసి సన్నటి మంట మీద ఉడికించాను. ఇంతలో పాప లేచింది. పాలిచ్చి వచ్చేసరికి గిన్నె చల్లారి, గింజలూ జిగురూ ఒకటే ముద్దయి కూర్చున్నాయి. గుడ్డలో వేసి ఎంత పిండినా ఒక్క బొట్టు దిగలేదు. నా బలమంతా పెట్టి మెలిపెడితే గింజలు గోడ మీదికి చిమ్మాయి. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి గింజలను తిట్టాను.

రెండోసారి పాపను మా ఆయనకు అప్పగించాను. గరిటె ఎత్తితే తీగలా సాగుతుండగానే పొయ్యి కట్టేసి, వేడి వేడిగానే పల్చటి గుడ్డలో వడకట్టాను. వేళ్లు చుర్రుమన్నాయి కానీ జెల్ జారుకుంటూ దిగింది. తాటి ముంజలా, అవతలి వెలుగు మసకగా కనిపించేంత తేటగా ఉంది. అందులో కాస్త గ్లిజరిన్ కలిపాను. అత్తమ్మ మగ్గం దిగాక నేనే కూర్చోబెట్టి రాయాలని, స్టీలు గిన్నెలో పోసి, పైన ప్లేటు మూసి ఫ్రిజ్‌లో పెట్టాను.

మా ఫ్రిజ్‌లో ఎండాకాలం అలాంటి గిన్నె ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అది అత్తమ్మ గంజి. మగ్గం మీద పొడవునా లాగి కట్టిన పడుగు పోగులకు నూగు లేస్తే దాన్ని చేత్తో తీసుకుని పోగుల మీద సాఫుగా రాస్తుంది. బయట పెడితే పులిసిపోతుందని నా పాల ప్యాకెట్లను పక్కకు నెట్టి మరీ పెడుతుంది. ఆ రోజు ఆమె గంజి అయిపోయిందన్న సంగతి నాకు తెలియదు.

మధ్యాహ్నం పాపను పడుకోబెడుతుంటే మగ్గం చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు మళ్లీ మొదలు కాలేదు. ఏమైందోనని ముందు గదిలోకి వెళ్లాను. అత్తమ్మ గిన్నె పక్కన పెట్టుకుని, రెండు చేతులూ మణికట్ల దాకా తడుపుకుని, పడుగుకేసి ఆశ్చర్యంగా చూస్తోంది.

"గీ గంజి ఎట్ల కాసినవ్ బిడ్డా? ఎంత సేపున్నా ఆరుతలేదు" అంది. నేను మొదటిసారి మగ్గం పనిలో చెయ్యి పెట్టానని మురిసిపోయి, బాగా లేదని గట్టిగా అనలేక అవస్థ పడుతోంది.

నాకు నవ్వు ఆగలేదు. "అది గంజి కాదు అత్తమ్మా. నీ చేతులకు చేసిన."

"నా చేతులకా?" అని గిన్నె వైపు, తర్వాత చేతుల వైపు చూసుకుంది. నాలుగు తిట్లు పడతాయనుకున్నాను. ఆమె తడిగుడ్డ తెమ్మని, జిగురు పట్టిన పోగులను ఓపిగ్గా తుడుచుకుంటూ పోయింది. సగం దాకా వచ్చాక ఆగింది. బొటనవేలితో పోగులను ఒకసారి ఇటు, ఒకసారి అటు నిమిరింది.

"పోగులు వేలికి చిక్కుతలేవు" అంది నెమ్మదిగా.

"రోజూ రాసుకుంటే పగుళ్లు కూడా మానుతయి."

"పోగులు తెగకుంట ఉంటయంటే రాసుకుంట తియ్యి" అంది. తన కోసమని ఒప్పుకుంటే ఆమె మా అత్తమ్మ ఎందుకవుతుంది?

ఆ తర్వాత ఆ గిన్నె ఖాళీ కాకుండా చూసుకోవడం నా పనయింది. అన్నం తిన్నాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, గంజి రాసినట్టే చేతులు రెండూ ముంచి రాసుకునేది. పాప ఊసు నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పగుళ్లు ఒక్కొక్కటే పూడుకున్నాయి. అరచేతుల్లో కాయలు మాత్రం అలాగే ఉన్నాయి. అన్నేళ్ల మగ్గాన్ని ఏ జెల్ తీసేస్తుంది?

ఒకరోజు పొద్దున పాప స్నానానికి నీళ్లు కాచి బకెట్ తెచ్చేసరికి, అత్తమ్మ బాత్రూంలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పాప ఆ కాళ్ల మీద బోర్లా పడుకుని ఉంది. మధ్యలో గుడ్డ ముక్క లేదు. బకెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"చూస్తాన్నవేంది, నీళ్లు పొయ్యి" అంది నా వైపు చూడకుండా.

పోశాను. ఆమె శనగపిండి తీసుకుని పాప వీపు మీద అరచెయ్యి ఆనించి ఒక్కసారి రుద్దింది. వెంటనే చెయ్యి తీసి, గీత పడిందేమోనని వంగి చూసింది. మళ్లీ రుద్దింది, మళ్లీ చూసింది. పాప కాళ్లు ఆడిస్తూ ఏవో కబుర్లు మొదలుపెట్టింది. "ఏందమ్మా, ఏమంటాన్నవ్? మీ అమ్మ గంజి మంచిగ కాయదంటాన్నవా?" అని నవ్వుతూ, అరచెయ్యి మొత్తం ఆనించి మెడ నుంచి మడమల దాకా రుద్దుతూ, గీత పడిందో లేదో చూడటమే మరిచిపోయింది.