గోడవైపు కుర్చీ

లాల్‌దర్వాజాలో పాలుపోసే మొగులయ్య జన్మలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఎప్పుడూ గెలిచేవాడని కాదు. తరచుగానే ఓడేవాడు, ఘోరంగా ఓడేవాడు, పదిమందీ చూస్తుండగా ఓడేవాడు. ఒప్పుకునేవాడు కాదు, అంతే.

ఓ సాయంత్రం మాటకు మాట పెరిగి, భార్య రుక్మాబాయి అతన్ని బయటికి నెట్టి తలుపుకు గొళ్ళెం పెట్టేసింది. మొగులయ్య అరుగు మీద తువ్వాల పరుచుకుని, ఎవరో పెళ్ళికి పిలిస్తే వచ్చినవాడిలా దర్జాగా కూర్చున్నాడు. ఆ దారిన పోతున్న కచేరీ గుమాస్తా వామన్‌రావు ఆగాడు. ఇలాంటి అవకాశం వదులుకునే మనిషి కాదాయన.

"ఏంది మొగులయ్యా, ఇంట్ల ఓడిపోయినవా?"

"ఓడుడేంది రావ్ సాబ్? హాఫ్‌టైం అయింది."

హాఫ్‌టైం అన్న మాట అతనికి ఫుట్‌బాల్ నుంచి వచ్చింది. నిజానికి అతని బతుకంతా అక్కణ్ణించే వచ్చింది. కొట్టంలో బర్రెలకు సైతం ఆటగాళ్ళ స్థానాల పేర్లే పెట్టుకున్నాడు. మనిషి కనిపిస్తే చాలు ముందుకు దూకేది సెంటర్ ఫార్వర్డు. ఎటు తోలినా పక్కకే నడిచేది లెఫ్టౌటు. పొదుగు దగ్గరికి చెయ్యి రానివ్వనిది గోల్‌కీపరు. పొద్దున్నే రుక్మాబాయి "ఓయ్, గోల్‌కీపర్ మళ్ళ తన్నిందయ్యో!" అని కేక పెడితే, వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు పోలీసులను పిలవాలా వద్దా అని ఆలోచనలో పడేవారు.

ఆ పాలు పోయేది ముఖ్యంగా ఆగా హోటల్‌కు. వీధి మూలన పాలరాతి బల్లలు, నిలువుటద్దాలు, గల్లాపెట్టె మీద పెద్ద రేడియో ఉన్న ఆ ఇరానీ హోటల్ యజమాని ఆగా కాజిం. చిన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఇరాన్ నుంచి వచ్చాడు. ఆ తర్వాత పుట్టిన గడ్డను మళ్ళీ చూడలేదు. ఉర్దూ ఊరు నేర్పింది, తెలుగు గిరాకీలు నేర్పారు. ఆయనకూ మొగులయ్యకూ రోజూ తెల్లవారేది ఒకే సంభాషణతో.

"మొగులయ్యా, పాలల్ల నీళ్ళు మస్తున్నయ్."

"నేను కలపలే ఆగా. బర్రెనే మస్తు తాగింది."

ఆగా నవ్వేవాడు, పాలు పోయించుకునేవాడు. మర్నాడు బర్రెకు మళ్ళీ దాహం వేసేది.

ఇక ఆ హోటల్లోని కుర్చీ గురించి చెప్పాలి. కచేరీలో పైవాళ్ళు చెప్పిందానికి తలాడించడమే తప్ప సొంతంగా ఒక్క హుకుం జారీ చేసే భాగ్యం వామన్‌రావుకు కలగలేదు. ఆ లోటంతా ఆయన ఆగా హోటల్లో తీర్చుకున్నాడు. ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళందరికీ కలిపి ఒక ఖానూన్ రాశాడు. దఫా ఒకటి: ఎవరి జట్టు ఓడితే వాళ్ళు మూలకుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుని ఒక చాయ్ తాగాలి. దఫా రెండు: చాయ్ అయ్యేదాకా వాళ్ళతో ఎవరూ మాట్లాడరాదు. దఫా మూడు: చాయ్ గబగబా తాగరాదు. సున్నం పెచ్చులూడిన ఆ గోడను ముక్కు తగిలేంత దగ్గరగా చూస్తూ, వెనక నుంచి కిసుకిసలు వింటూ అందరూ ఎప్పుడో ఒకప్పుడు చాయ్ తాగినవాళ్ళే. ఖానూన్ రాసిన వామన్‌రావు కూడా తాగాడు. తాగనిది మొగులయ్య ఒక్కడే. ఆ కుర్చీ వీపు మీదుగా మొగులయ్య వెనకతల కనబడాలన్నది వామన్‌రావు జీవితాశయం.

లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు రెండు పెనాల్టీలు పోగొట్టుకుని ఫ్రాన్సు చేతిలో ఓడినప్పుడు ఆ ఆశ నెరవేరిందనే అనుకున్నాడు. తన వంతు చాయ్ ముందే తాగేసి, కుర్చీని స్వయంగా పైపంచెతో తుడిచాడు.

"దా మొగులయ్యా, కూసో. దఫా ఒకటి."

"ఓడినోళ్ళు గద కూసునేది? నన్నెందుకు పిలుస్తవ్?"

"రెండు పెనాల్టీలు, మొగులయ్యా! రెండూ పాయె!"

"పోవుడేంది? పరదేశం పోయినంక జర తమీజ్ ఉండాలె గద రావ్ సాబ్. ఇడిసిపెట్టిన్రు."

"రెండూ ఇడిసిపెట్టిన్రా?"

"ఒకటి ఇడిసిపెట్టి ఒకటి కొడితే ఏం మర్యాద?"

హోటలంతా పడీ పడీ నవ్వింది. తమీజ్ మీద వాదన ఎంతసేపు సాగిందంటే, ఆగా తలుపులు వేస్తుంటే కూడా మొగులయ్య గడపలో నిలబడి లోపలి కుర్చీతో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంకోసారి మన వీధి జట్టుకూ ధూల్‌పేట్ జట్టుకూ ఆట. గోల్‌కీపర్ బుచ్చయ్య. బట్టలు కుట్టుకునే మనిషి, మాట మెత్తన. బంతి నెమ్మదిగా, పలకరించడానికి వస్తున్నట్టుగా వచ్చి, అతని రెండు కాళ్ళ మధ్య నుంచి లోపలికి వెళ్ళిపోయింది. దానితో ఆట పోయింది. అందరూ బుచ్చయ్యను చొక్కా పట్టుకుని హోటల్‌కు లాక్కొచ్చారు. పాపం, అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"గది గోలే కాదు," అన్నాడు మొగులయ్య బల్ల గుద్ది. "మేక అడ్డమొచ్చింది."

"మేకనా? యాడున్నది మేక?"

"పోయింది. ఆట అయినంక గాడ దానికేం పని?"

"నల్ల మేకనా, తెల్ల మేకనా?" అని అడిగాడు వామన్‌రావు, సాక్షిని బోనెక్కించినట్టు.

"రెండు రంగులది. ధూల్‌పేటోళ్ళ దిక్కు తెల్లగుండె, మన దిక్కు నల్లగుండె."

ఆ మేకకు కొమ్ములున్నాయా, అది ఎవరిది, అంతమందిలో ఒక్క మొగులయ్యకే ఎందుకు కనబడింది? నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేసరికి బుచ్చయ్య మామూలు మనిషిలా మామూలు బల్ల దగ్గర చాయ్ తాగేసి ఇంటికి పోయాడు. తర్వాత ఎన్నాళ్ళో వీధిలో 'మేక మొగులయ్య' అన్న పేరే మోగింది. బంతి ఎవరి కాళ్ళ మధ్య నుంచి పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

వామన్‌రావుకు ప్రమోషన్ పరీక్ష పోయిన రోజు కూడా ఇదే తంతు. తల దించుకుని ఓ మూల కూర్చున్న ఆయన్ను ఎవరో "ఏమాయె రావ్ సాబ్ ఇంతియాన్?" అని గిల్లారు. ఆయన నోరు తెరవకముందే మొగులయ్య లేచాడు.

"ఫెయిలైండని ఎవడన్నడు? ఈయన రాస్తనే ఉన్నడు, వాళ్ళు కాగితం గుంజుకున్నరు! ఇంకో పూట ఇడిసిపెడితే జిల్లాకు హాకీం అయితుండె!"

హోటల్ గొల్లుమంది. "నా ఇజ్జత్ తీస్తివి గద!" అని వామన్‌రావు కొన్నాళ్ళు అతని పాలు మానేశాడు. ఆ తర్వాత ఇంటావిడ మజ్జిగ గురించి గట్టిగా మాట్లాడాక మళ్ళీ పోయించుకున్నాడు.

యాభై ఒకటో సంవత్సరం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఆసియా దేశాలన్నీ ఢిల్లీలో ఆటలకు చేరాయి. ఫుట్‌బాల్ జట్టులో మన నగరం కుర్రాళ్ళున్నారు, జట్టును తీర్చిదిద్దిన మాస్టరూ మన నగరంవాడే. చాలామంది బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో ఆడుతున్నారని విని, మొగులయ్య ఉన్న ఒక్క జత చెప్పులూ చూరులో దోపేశాడు. "వాళ్ళ కాళ్ళకు లేనిది నా కాళ్ళకెందుకు?" అని గులకరాళ్ళ మీద కుంటుకుంటూ పాలు పోశాడు. కుంటుతున్నానని మాత్రం ఒప్పుకోలేదు. "డ్రిబ్లింగ్ చేస్తున్న," అన్నాడు.

మనవాళ్ళు గెలిచారు. మళ్ళీ గెలిచారు. ఫైనల్‌కు వచ్చారు. అవతల జట్టు ఇరాన్.

ఆ కబురు తెలిసిన పొద్దుట్నుంచీ హోటల్లో ఒకటే వేళాకోళం.

"ఆగా, ఎటు దిక్కు? మా దిక్కా, మీ దిక్కా?"

"నా చాయ్ అందరి దిక్కు బాబూ."

"చాయ్ సంగతి కాదు, నీ సంగతి చెప్పు!"

ఆగా చిల్లర లెక్కపెట్టుకునేవాడు. ఇన్నేళ్ళలో 'మీ', 'మా' అన్న మాటలు ఆ హోటల్లో చాయ్‌కీ బిస్కట్‌కీ తప్ప దేనికీ వాడింది లేదు. వామన్‌రావు కూడా సరదాకే అడిగాడు. అడిగాక ఆగా మొహం చూసి, ఎందుకు అడిగానా అనుకున్నాడు. కానీ అప్పటికే పక్కబల్లవాళ్ళు అందుకున్నారు.

ఫైనల్ రోజు సాయంత్రం వార్తల వేళకు హోటల్లో కాలు పెట్టే చోటు లేదు. ఆగా తనే రేడియో చెవి మెలిపెట్టి, గట్టిగా పెట్టాడు. వీధి దాకా వినబడేంత గట్టిగా. భారత్ ఒక గోలు, ఇరాన్ సున్నా.

ఆ తర్వాత రేడియో ఏం చెప్పిందో ఎవరూ వినలేదు. బల్లలు డప్పులయ్యాయి, సాసర్లు తాళాలయ్యాయి. బుచ్చయ్య ఎవరినో ఎత్తుకున్నాడు, బుచ్చయ్యను ఇంకెవరో ఎత్తుకున్నారు. వామన్‌రావు తన జీవితంలో మొదటిసారి ఓ బల్ల ఎక్కాడు. ఎక్కినవాడు ఊరుకున్నాడా? ఆనందం మనిషిని ఎంత తెలివితక్కువ పని చేయిస్తుందో చూడండి. వేలు పైకెత్తి, అలవాటు కొద్దీ అరిచేశాడు.

"దఫా ఒకటి!"

వెనకనున్నవాళ్ళు అందుకున్నారు. "కుర్చీ! ఆగాకు కుర్చీ!"

వామన్‌రావు బల్ల మీదే బిగుసుకుపోయాడు. ఇంతవరకూ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా చాయ్ అవగానే లేచి మనలో కలిసినవాళ్ళే. ఆగా లేచి ఎవరిలో కలవాలి? "పోనీ లెండి భాయ్, గిది సరదాకు..." అని గొణిగాడు. కేకల్లో ఎవరికీ వినబడలేదు.

ఆగా గల్లాపెట్టె మూశాడు. టోపీ సర్దుకున్నాడు. "ఖానూన్ అంటే ఖానూన్, రావ్ సాబ్," అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. జనం దారి ఇచ్చారు. మూల దాకా నడిచి ఆగిపోయాడు.

కుర్చీ ఖాళీగా లేదు. గోడకు ముక్కు ఆనించి, ఉత్తకాళ్ళు చాపుకుని, సాసర్లో చాయ్ జుర్రుతూ మొగులయ్య కూర్చున్నాడు. అందరికంటే ముందు గంతులేయాల్సినవాడు ఇంతసేపూ కనబడలేదన్న సంగతి అప్పుడు తట్టింది అందరికీ.

"మొగులన్నా, లెవ్వే! ఆగా కూసుంటడు," అన్నాడు బుచ్చయ్య.

"ఎందుకు కూసుంటడు?" మొగులయ్య తల తిప్పలేదు.

"ఇరాన్ ఓడింది గద!"

"ఎవడన్నడు?"

"రేడియో అన్నది!"

"రేడియోకేమెరుక? అది ఆడిందా? ఒక్క గోల్. ఒక్కటి! ఇంకో పావుగంట ఆడనిస్తే వాళ్ళూ ఒకటి కొట్టకపోదురా? టైం సాలలే, అంతే."

హోటల్ భగ్గుమంది. "అరే, నువ్వు ఎటు దిక్కు? మనం గెల్సినం!"

"గెల్వలేదని నేనన్ననా? గెల్సినం. మస్తుగ గెల్సినం. ఉత్తకాళ్ళతోని గెల్సినం. గానీ వాళ్ళు ఓడలే."

"గట్లెట్లయితది? ఒకడు గెలిస్తే ఒకడు ఓడాలె గద!"

"యాడ రాసున్నది?" అప్పుడు తిప్పాడు తల, నేరుగా వామన్‌రావు వైపు. "చెప్పు రావ్ సాబ్, నీ ఖానూన్ల ఉన్నదా? ఏ దఫా?"

వామన్‌రావు వేళ్ళ మీద దఫాలు లెక్కపెట్టుకున్నాడు. లేదు. ఇంత జాగ్రత్తగా రాసిన ఖానూన్‌లో ఆ ముక్క రాయలేదు.

"దఫా లేదు," అన్నాడు బల్ల మీంచే, తీర్పు చెబుతున్నట్టు.

ఇంకేముంది, అందరూ మొగులయ్య మీద పడ్డారు. "టైం సాలలేదంట! వారెవ్వా!" "గీ ఆటల మేక రాలేదా అన్నా?" "ఎందుకు రాలే? గోల్ వెనకనే ఉండె. రేడియోల మేక కనబడ్తదా?" నవ్వులు గోడలకు తగిలి వెనక్కొస్తున్నాయి. ఆ గోలలో ఆగా అన్నవాడొకడు ఉన్నాడనే అందరూ మరిచిపోయారు.

మరవనిది వామన్‌రావు ఒక్కడే. బల్ల మీద ఎత్తున ఉన్నాడు కనక అంతా కనబడుతోంది. నవ్వంతా మొగులయ్య మీదికి పోతోంది, పక్కన ఆగా హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఇదే నవ్వు ఇదివరకు మేక మీదికి పోతే బుచ్చయ్య మెల్లగా ఇంటికి చేరాడు. ఇదే నవ్వు పరీక్ష నాడు... వామన్‌రావు బల్ల దిగాడు. ఇన్నాళ్ళూ తన ఇజ్జత్ తీశాడనుకున్న మనిషి చేసిందేమిటో అర్థమై, చెవులు వేడెక్కాయి. ఆ రోజు పరీక్ష గురించి తనను ఇంకెవరూ రెండో మాట అడగలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆగా లోపలికి పోయి ఇంకో చాయ్ తెచ్చాడు. తన స్టూలు కూడా ఈడ్చుకొచ్చి మొగులయ్య పక్కన, గోడవైపే వేసుకుని కూర్చున్నాడు.

"మొగులయ్యా."

"ఆఁ ఆగా."

"పాలల్ల నీళ్ళు మస్తున్నయ్."

"ఎండకాలం ఆగా. బర్రె ఆగుతదా?"

వామన్‌రావు ఓ కుర్చీ లాక్కొచ్చి రెండో పక్కన వేసుకున్నాడు. బుచ్చయ్య ఇంకోటి తెచ్చాడు. కాసేపటికి, దేశం గెలిచిన రోజున, ఆ హోటల్లో సగంమంది పెచ్చులూడిన గోడను చూస్తూ చాయ్ తాగుతున్నారు.

అయినా జీవితాశయం జీవితాశయమే. వామన్‌రావు వంగి, మొగులయ్య చెవిలో అన్నాడు. "ఏమైతేనేం మొగులయ్యా, ఆఖరుకు గీ కుర్చీల కూసున్నవ్. గోడ దిక్కు తిరిగినవ్. ఇగనన్న ఒప్పుకో."

మొగులయ్య సాసర్ కింద పెట్టి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"నేను యాడ తిరిగిన రావ్ సాబ్? గోడనే నా దిక్కు తిరిగింది."