మా తమ్ముణ్ణి చంపబోయినవాళ్ళు

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ నోటికంటే చెయ్యి ముందు లేచేది. బళ్ళో వాడి పుస్తకం ఎవడైనా తాకితే వాడి పన్ను ఊడేది. మా నాన్న బెల్టు తెగింది గాని వీడు మారలేదు. చివరికి కార్ల డెంటింగ్ షెడ్డులో పెడితే, అక్కడ పొద్దస్తమానం రేకుల్ని బాదడమే పని కాబట్టి, మనుషుల్ని కొట్టడం కొంత తగ్గింది. వీధిలో వాడి పేరు మొండి. సొట్టపడ్డ తలుపు ఇస్తే వెనకనుంచి సుత్తితో కొట్టి, అరచేత్తో తడిమి, మళ్ళీ కొట్టి, కొత్తదాన్ని చేసేవాడు. రంగు వేసేది మా ఆయన. సీట్లకు కవర్లు కుట్టేది నేను. ముగ్గురిదీ ఒకే షెడ్డు, పైన రెండు గదుల్లో ఒకే కాపురం. వాడికి పెళ్ళి కాలేదు. ఆ మాట ఎత్తిన పెద్దమనిషి ఎవరూ రెండోసారి మా గడప తొక్కలేదు.

జబ్బు వచ్చిన రోజు వాడు ఒక వ్యాను కింద పడుకుని పని చేస్తున్నాడు. కేక వినిపించింది. పొట్ట పట్టుకుని బయటికి దొర్లుకుంటూ వచ్చాడు, నొప్పి వీపులోకి పొడుచుకుపోతోందని, పచ్చగా కక్కుతూ. లేపబోయిన మా ఆయన్ని తన్నాడు. వ్యాను తలుపుని తన్నాడు. పిత్తాశయంలోంచి జారిన చిన్న రాయి దారికి అడ్డం పడి క్లోమగ్రంథి వాచిందని, దాని రసం దాన్నే అరిగించేస్తోందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. వీధిలో మాత్రం తాగి తెచ్చుకున్నాడన్నారు. వాడు జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాట నా ముందు అన్న ఒకావిడ మీదికి కత్తెర పట్టుకునే వెళ్ళాను. మా ఇంటి రక్తమే అంత.

లోపల చచ్చిన కండకు చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కింది. సెప్సిస్ అన్నారు. బీపీ పడిపోయింది, మూత్రం ఆగిపోయింది, ఊపిరి కూడా మిషనే పీల్చింది. పొట్టలోకి గొట్టాలు వేసి చీము తోడారు. మమ్మల్ని ఒకసారికి ఒక్కరినే లోపలికి పంపేవాళ్ళు. ఒక మధ్యాహ్నం మా ఆయన లోపల ఉండగా వీడు కళ్ళు తెరిచాడు. తెరిచి, గొంతులో గొట్టం పీకేశాడు, చేతికున్న సూదులు పీకేశాడు, నర్సు మొహం మీద గుద్దాడు. ఆ అమ్మాయి కింద పడి కూడా, భుజాలు పట్టుకోండి అని మా ఆయన మీద అరిచిందట. ఈయన మంచమెక్కి, మోకాళ్ళు వీడి భుజాల మీద ఆనించి, డాక్టర్లు గొట్టం మళ్ళీ దించేదాకా అదిమిపెట్టారు. ఆ పెనుగులాటలో వీడు ఆయన కుడి ముంజేతిని ఎముక తగిలేలా కరిచాడు. నేను వరండాలో కూర్చుని ఉన్నాను. రక్తం కారుతున్న చేత్తో బయటికొచ్చి, బతికే ఉన్నాడు అన్నారు మా ఆయన. ఆ చేతికి రెండు వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. స్ప్రే గన్ను ఎడమ చేత్తో పడుతున్నారు.

ఇంటికి తెచ్చేసరికి తమ్ముడు సగం మనిషయ్యాడు. జబ్బు పోయిందని సంబరపడొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. ఇంత యుద్ధం చేశాక ఒంట్లో కాపలా అలిసిపోతుందట, మళ్ళీ తేరుకోవడానికి నెలలు పడుతుందట, అప్పటిదాకా చిన్న గాయం కూడా మామూలువాళ్ళకు మానినట్టు మానకపోవచ్చట. జ్వరం, వణుకు, ఆయాసం, మాట తేడా, ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా తీసుకురమ్మంది. టీకాలు వేయించాలి. తిన్నప్పుడల్లా అరుగుదల మాత్ర వేసుకోవాలి, షుగరు చూసుకోవాలి. ఇవన్నీ మా ఆయన వాడికి వివరించబోతే వాడు గోడవైపు తిరిగాడు. వాడి మంచం గుమ్మానికి ఎదురుగా జరిగింది. దిండు కింద సుత్తి చేరింది.

ఒకరోజు నన్ను పిలిచి చెప్పాడు. "అక్కా, నీ మొగుడు నన్ను చంపబోయాడు. మీద ఎక్కి కూర్చుని గొంతులో గొట్టం దూర్చాడు. నా షెడ్డు మీద కన్నేశాడు."

ఒళ్ళు మండింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు చివరిదాకా విని, "నువ్వు చూశావా?" అన్నాడు.

నేను చూడలేదు. వరండాలో ఉన్నాను కదా.

పరీక్షకు వెళ్ళినప్పుడు నర్సును అడిగాను. అంత జబ్బులో బుర్ర కలత పడుతుందని, అప్పుడు వచ్చే పీడకలలు నిజంకంటే గట్టిగా అతుక్కుపోతాయని, వాదించి లాభం లేదని చెప్పింది. ఒకసారి ఆ వార్డు చూపిస్తే కొందరికి తేలికపడుతుందట. సరేనని తీసుకెళ్తే, వాడు వార్డు మెట్ల దగ్గరే నిలబడిపోయి, లోపలికి లాగితే నీ చెయ్యి విరుస్తానన్నాడు. పోనీ ఆ కరిచిన మచ్చైనా చూపించండి అని మా ఆయన్ని పోరాను. ఆయన నవ్వారు. "నేను చంపుతుంటే తప్పించుకోడానికి కరిచానంటాడు. నాలుగు రోజులు పోనీ" అన్నారు.

నాలుగు రోజులు పోతే ఏమైంది? కాస్త ఓపిక వచ్చింది, షెడ్డులోకి దిగాడు, మా ఆయన్ని చూశాడు, సుత్తి విసిరాడు. అది ఆయన చెవి పక్కనుంచి వెళ్ళి ఎవరిదో కారు ముందు అద్దం బద్దలుకొట్టింది. ఇంకో జానెడు ఇటు పడుంటే నా కాపురం ఆ రోజుతో సరి. మా ఆయన చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్చారు. ఆ ఓర్పు చూసి నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఇద్దర్నీ చెరో వీధిలోకి గెంటేద్దామనిపించింది. కానీ ఒకడు తమ్ముడు, ఒకరు మొగుడు.

తర్వాత మేం లేని వేళ చూసి వాడు పని మొదలుపెట్టాడు. రేకు అంచు అరచేతిలో దిగింది. మాకు తెలిస్తే ఆసుపత్రికి పంపి చంపిస్తామని, గ్రీజు గుడ్డ చుట్టుకుని ఊరుకున్నాడు. నాకు తెలిసేసరికి మోచేతిదాకా ఎర్రగా పొంగింది. మంచం వణుకుతోంది. వాడు మంచం మీదే ఓ మూలకు చేరి, సుత్తి పట్టుకుని, ఎప్పుడో పోయిన మా అమ్మతో మాట్లాడుతున్నాడు. మొదటిసారికంటే ఇదే నాకు ఎక్కువ భయం వేసింది, ఏం రాబోతోందో ఈసారి తెలుసు గనక.

మా ఆయన మెట్లెక్కబోయారు. చొక్కా పట్టుకుని ఆపాను. "మీరు పైకి రావద్దు. ఈసారి పట్టుకునేది నేను. బతికితే నన్ను తిట్టుకుంటాడు" అన్నాను. వ్యాను తీసి పెట్టమన్నాను.

సీట్లకు కోసి పెట్టుకున్న మందపాటి రెగ్జిను ముక్క తీసుకుని గదిలోకి వెళ్ళాను. ఒరే, నేనురా అన్నాను. వాడు నా వెనక ఎవరినో చూశాడు. సుత్తి ఎడమ భుజం మీద దిగింది. మెడకింది ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. పడిపోతే ఇద్దరం పోతాం. రెగ్జిను వాడి తలమీంచి కప్పి, మీద పడి, బరువంతా వేసి నేలకు నొక్కాను. జుట్టు పట్టుకుని పీకాడు, పొట్టలో తన్నాడు. నేనూ ఊరుకోలేదు. చెంపలు వాయించాను, సుత్తి పట్టిన చేతిని వదిలేదాకా గుమ్మానికేసి కొట్టాను. అందులో ప్రేమ ఎంతో కోపం ఎంతో నన్ను అడగొద్దు. పాత సీటు బెల్టుతో చేతులు కట్టి, మొహం దగ్గర రెగ్జిను తీసి, ఒంటి చేత్తో మెట్లమీంచి లాక్కొచ్చాను. అక్క చంపేస్తోందని వాడు వీధి వీధంతా వినేలా అరిచాడు. వీధి గుమ్మాల్లోకి వచ్చి చూసింది, ఒక్కరూ దగ్గరికి రాలేదు. మా ఆయన టోపీ కళ్ళమీదికి లాక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, వెనక్కి తిరక్కుండా బండి నడిపారు.

వేళకు తెచ్చారంది డాక్టరమ్మ. అరచెయ్యి కోసి చీము తీశారు, మందులు ఎక్కించారు. ఈసారి మిషను దాకా పోలేదు. పక్క వార్డులో నా భుజానికి కట్టు కట్టారు. జ్వరం దిగి వాడు కళ్ళు తెరిచినప్పుడు మంచం పక్కన ఉన్నది మా ఆయన. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. వాడు ఆయన కుడి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని భోరున ఏడ్చాడు.

"బావా, నన్ను చంపబోయింది అక్క. మొదటిసారీ అదేనేమో. అప్పుడు మొహం సరిగ్గా కనపడలేదు, నువ్వనుకున్నాను. నువ్వు జాగ్రత్తగా ఉండు" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన నిజం చెప్పేస్తానన్నారు. చెబితే ఊరుకోనన్నాను. ఎందుకంటే వాడిప్పుడు బావ చెప్పిన ప్రతి మాటా వింటున్నాడు. టీకాలు వేయించుకున్నాడు, తోలు గ్లవ్స్ లేకుండా రేకు ముట్టడు, ఒళ్ళు వెచ్చబడితే తనే వచ్చి బావకు చెబుతాడు. డాక్టరమ్మ రక్తం చూసి తేరుకుంటున్నాడంది. కింద ఇద్దరూ ఒకే కారు మీద పని చేస్తుంటే నేను కుట్టు మిషను మీద వంగి ఏడుస్తాను. సంతోషానికే అని చెప్పడానికి నాకు నోరు రాదు. నాకంటే చిన్నవాడు, వాణ్ణి ఎత్తుకు తిప్పాను, ఇప్పుడు నేను గదిలోకి వస్తే లేచి గోడకు ఆనుకుంటాడు.

నేను వడ్డించిన కంచాన్ని ముందుగా మా ఆయన దగ్గరికి జరుపుతాడు. ఆయన ఒక ముద్ద తిని చూపిస్తారు. వాడు కాసేపు ఆయన మొహమే చూసి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక, మాత్ర వేసుకుని కడుపునిండా తింటాడు.