బడి గుడ్డలో అడ్డ చారలు

నేను రిటైరు కావడానికి ముందటి ఏడు సిరిసిల్లలో గుడ్డ నాణ్యత చూసే పనిలో ఉన్నాను. బడిపిల్లల యూనిఫాం ఆర్డరు నడుస్తోంది. తంగళ్ళపల్లి వైపు ఒక పవర్‌లూమ్ షెడ్డు నుంచి వచ్చిన తానుల్లో అడ్డంగా చారలు కనబడ్డాయి. అడ్డం నూలు రంగు ఒక్క తీరుగా లేకపోతే అలా పడతాయి. మరుసటి విడతలోనూ ఉంటే ఆ షెడ్డుకు ఆర్డరు రద్దు.

మగ్గాల యజమానిని అక్కడ ఆసామి అంటారు. ఆసామి రాజేశం నేత కార్మికుడు సత్తయ్యను చూపించాడు.

"గీయన మగ్గమే సారూ. రేపటి సంది రావద్దన్న."

"నేను నేస్త గని, నూలుకు రంగేస్తనా?" అన్నాడు సత్తయ్య. "గీ పని పోతే మల్ల భివండి బస్సెక్కుడే." ఇక్కడ పని లేనివాళ్లు మగ్గాల పనికి వలసపోయే మహారాష్ట్ర ఊరు అది.

షెడ్డుకు నూలు ఇచ్చి గుడ్డ నేయించుకునే సేటుకు ఫోన్ చేశాను. ప్రతి పెట్టె మీదా లాట్ నంబరు ఉందన్నాడు. లాట్ అంటే ఒకేసారి రంగు వేసిన నూలు. పెట్టెలు చూశాను, నిజమే. ఎవరి మాటా అబద్ధం కాదు, గుడ్డ మాత్రం చెడుతోంది. విడత గడువు దగ్గర పడుతోంది.

నూలు వచ్చిన దారినే వెనక్కి నడవడం నా పద్ధతి. మగ్గానికి ముందు కండెలు. అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్టలు. వాటిని లచ్చవ్వ అనే ఆమె తన ఇంట్లో చుడుతుంది. మేం పెట్టిన ఏ మీటింగుకూ ఆమెను పిలవలేదు. రాజేశాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. రాట్నం పక్కన సగం సగం అయిపోయిన నూలు కోన్లు, వేర్వేరు లాట్లవి.

"ఇవేంది లచ్చవ్వా?"

"మిగిలినయి సారూ. కొత్త నూలుతోటి కలిపి చుట్టి ఒడగొడ్త. తరుగొస్తే ఆసామి నా కూలిల కోస్తడు. మీ ఇంట్ల నిన్నటి కూర పారబోస్తరా?"

రాజేశం తల దించుకున్నాడు. "మరి సేటు నాకు కోస్తడు గద సారూ."

మరునాడు మగ్గాలు ఆపించి సేటునూ ఆసామినీ సత్తయ్యనూ లచ్చవ్వనూ షెడ్డులోనే కూర్చోబెట్టాను. చాలా వాదులాట తర్వాత, మిగిలిన కోన్లు తూకం వేసి వాపసు తీసుకుంటానని, వాటికి డబ్బు కోయనని సేటు ఒప్పుకున్నాడు.

"మరి రేపు నేను రావాల్నా?" అన్నాడు సత్తయ్య.

"రాకుంటె మగ్గం నీ అయ్య నడుపుతడా?" అన్నాడు రాజేశం.

తర్వాతి విడతలో గుడ్డ తాను విప్పి వెలుతురులో పరిచి చూశాను. చారలు లేవు.

నష్టాన్ని ప్రతివాడూ కింది వాడి మీదికి తోసుకుంటూ పోతే, చివరికి అది గుడ్డ మీద తేలుతుంది. ఆ తర్వాత ఎక్కడ మీటింగు పెట్టినా ముందు ఒకటే అడిగేవాణ్ణి: కండెలు చుట్టేవాళ్లను పిలిచారా?