చేతికొచ్చిన గులాబీ

పదో తరగతిలో అత్తెసరు మార్కులు రావడంతో నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించారు. అక్కడ పట్టుదలగా చదివి, ప్రవేశ పరీక్ష రాసి, వరంగల్‌లో పేరున్న ఇంజనీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకున్నాను. డిప్లమా చేసినవాళ్లు 'లాటరల్ ఎంట్రీ'లో నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు. అప్పటికే క్లాసులో అందరికీ జట్లు కుదిరిపోయి ఉంటాయి.

నేను చేరిన వారానికే ఫస్టియర్ వాళ్లకు వెల్‌కమ్ పార్టీ. ఆడిటోరియం గుమ్మంలో ఒకమ్మాయి నవ్వుతూ నా చేతికి గులాబీ ఇచ్చింది. ఆ కాలేజీలో నన్ను చూసి నవ్విన మొదటి మనిషి ఆమే.

"ఏ బ్రాంచి, చెల్లె?" అంది.

"సివిల్. సెకండియర్."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మాది గదే క్లాసు. నిన్నెప్పుడు చూడలే!" అని వెనక్కి తిరిగి, "ఏయ్, ఈమె మన క్లాసేనా?" అని అరిచింది. లోపలివాళ్లంతా తిరిగి చూశారు. ఎవరూ ఔననలేదు.

"లాటరల్‌ల వచ్చిన" అన్నాను.

"ఓ, లాటరలా? ఏమనుకోకు, పూలు జూనియర్లకే" అంటూ గులాబీ తీసుకుని నా వెనకున్న అమ్మాయికి ఇచ్చేసింది.

తల దించుకుని లోపలికి నడిచాను. ఎడమవైపు జూనియర్లు, కుడివైపు మా క్లాసువాళ్లు. ఎటు వెళ్లాలో తెలియక ఖాళీగా ఉన్న ఆఖరి వరసలో కూర్చున్నాను.

అంతలో తొర్రూరు నుంచి అమ్మ ఫోన్. "బిడ్డా, అందరు మంచిగ చూసుకుంటాండ్రా?"

"ఆ అమ్మా. రాంగనే పువ్విచ్చిండ్రు."

"మా తల్లే! జడల పెట్టుకున్నవా?"

"పెట్టుకున్ననే."

ఇప్పుడు ఫైనలియర్. స్నేహితులున్నారు. అయినా ఎక్కడన్నా గులాబీ కనబడితే నా చెయ్యి ఉత్త జడనే తడుముకుంటుంది.