నాగమ్మగారి మాట, అల్లుడుగారి హార్డ్ డిస్క్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది స్పీచ్ థెరపిస్టుగా నన్ను రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో వేశారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లను న్యూరాలజీ డాక్టరు చూసి నా గదికి పంపేవారు.

అలా వచ్చినావిడ నాగమ్మగారు. మొగల్తూరులో చేపలమ్మేవారు. జబ్బుపడ్డాక కొవ్వూరులో కూతురింట్లో ఉంటున్నారు. ఆవిడకు వచ్చినది అఫేజియాలో ఒక రకం: ఎదుటివాళ్ల మాట అర్థమవుతుంది, తన మాట మాత్రం నోటికి రాదు. మొదటిరోజు పరీక్షలో కళ్లు మూసుకోమంటే మూసుకున్నారు, కిటికీ చూపించమంటే చూపించారు. చెంబు బొమ్మ చూపించి పేరడిగితే పెదవులు కదిలాయిగానీ మాట రాలేదు.

వెంట వచ్చే అల్లుడు శ్రీనివాస్‌కి కంప్యూటర్లు రిపేరు చేసే షాపుంది. నా తంటా అంతా అతనితోనే. మెదడంటే కంప్యూటరేనని అతని నమ్మకం. "మెమరీ కరప్టయిందా మేడమ్? రీస్టార్ట్ చేసే ఇంజెక్షనేమైనా ఉందాండి?" అని వచ్చిన ప్రతిసారీ అడిగేవాడు. కాదు బాబూ అని చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయింది. దెబ్బతిన్న చోటును వదిలి మెదడు పక్కదారులు వెతుక్కుంటుందనీ, దానికి నెలలు పడుతుందనీ బొమ్మ గీసి మరీ చెప్పాను. "అంటే వైరింగ్ మార్చడమన్నమాట" అన్నాడు.

ఒకరోజు ఆవిడ పక్కనే నిలబడి, "ఇక తీసుకురాలేమండి. హార్డ్ డిస్కే పోయింది. లేని డేటా కోసం వెతకడం దేనికండి?" అన్నాడు.

"నోర్ముయ్ ఎదవా!"

అన్నది నాగమ్మగారే. అతన్ని ఏనాడూ "అల్లుడుగారూ" అని తప్ప పిలవని మనిషట.

శ్రీనివాస్ నొచ్చుకోకపోగా సంబరంగా ఫోను తీశాడు. "మళ్లీ అనండి అత్తయ్యా, మీ అమ్మాయికి వినిపిద్దాం." ఆవిడ ప్రయత్నించారు. రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడే అన్నారు కదండీ! ఫైలు లోపలుంటే ఎందుకు ఓపెనవదు?"

నాకు ఒళ్లు మండింది. తిట్లు, పాటలు వాటంతటవే వచ్చేస్తాయనీ, కావాలని అనబోతే రావనీ చెప్పాను. "మీరు బాగుచేసే కంప్యూటరుకి ఎప్పుడైనా మీమీద కోపమొచ్చిందా?" అని కూడా అడిగాను.

అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఇన్నాళ్లూ నేనన్నవన్నీ అత్తయ్యకి అర్థమయ్యాయాండి?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే నాగమ్మగారు తలూపారు.

థెరపీ మానలేదు. ఏడాదికి కూతురి పేరు, మరికొన్ని చిన్న మాటలు వచ్చాయి. పెద్ద వాక్యాలు రాలేదు. శ్రీనివాస్ కంప్యూటరు పోలికలూ మానలేదు. కాకపోతే గది బయటికొచ్చి చెప్పేవాడు.

మెదడు కంప్యూటరా కాదా అన్నది తేల్చడం నా ఉద్యోగం కాదు. మాట రానివాళ్ల ఎదుట వాళ్లు లేనట్టు మాట్లాడకూడదని బంధువులకు మొదటిరోజే, పరీక్షకంటే ముందే చెప్పడం మాత్రం నా ఉద్యోగమే. శ్రీనివాస్‌కి అలా చెప్పలేదు; ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను.